విద్యకు బయానా

వేరుసెనగ కట్టె ఎండి, కాయ రాలి, వ్యాపారి పైకము రైతు చేతికి వచ్చు కార్తీక మార్గశిర మాసములలో అనంతపురము సీమయందలి గృహములలో ఏటేటా ఒక ప్రశ్న తలయెత్తుచున్నది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్న కుమారునకో కుమార్తెకో ఇంకను తుది పరీక్ష జరుగలేదు. రాష్ట్రప్రవేశపరీక్ష మాట ఇంకను దూరముననే యున్నది. ఐనను కళ్యాణదుర్గమునందును, రాయదుర్గమునందును, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన కదిరి, ధర్మవరములయందును స్వంత విశ్వవిద్యాలయముల పక్షమున మాటలాడువారు వాకిట నిలుచుచున్నారు. "ఇప్పుడే పైకము కట్టినచో రుసుములో తగ్గింపు గలదు, రెండవ విడతకు ఆ తగ్గింపు సన్నగిల్లును, మూడవ విడతకు సీటే దొరకకపోవచ్చును" అని వారు చెప్పు మాట. అనగా విద్యకు బయానా అడుగుచున్నారు.

గొడ్డును కొనుటకు బయానా ఇచ్చుట మనమెరుగుదుము, భూమికిని ఎరుగుదుము. కాని గొడ్డును చూచి, పండ్లు లెక్కించి, నడిపించి, పిమ్మట బయానా ఇత్తుము. భూమికైనచో పట్టాదారెవరో, తాకట్టేమైనను కలదో విచారించి ఇత్తుము. చదువు విషయముననే మన బిడ్డకు ఎట్టి మార్కులు వచ్చునో, మరియొక చోట ఎట్టి సీటు దొరకునో, నాలుగేండ్లకు మొత్తము వ్యయమెంతయో తెలియకమునుపే బయానా ఇచ్చుచున్నాము. ఇది యుక్తమా, కాదా అను విషయమును పాఠకుల యెదుట ఉంచుటయే నేటి మా ప్రయత్నము.

ఈ ప్రశ్న మన సీమకు మాత్రమే పరిమితమైనది కాదు. అమెరికాయందు స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఇదే చిక్కును మరియొక రూపమున ఎదుర్కొనుచున్నారు. అచ్చటి కొన్ని విశ్వవిద్యాలయములయందు "ఎర్లీ డెసిషన్" అను పద్ధతి గలదు. విద్యార్థి సాధారణముగా నవంబరు మాసారంభముననే ఒక్క విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పంపి, ప్రవేశము లభించినచో తప్పక అచ్చటనే చేరుదునని ఒడంబడిక వ్రాసియీయవలెను. తల్లిదండ్రులును, పాఠశాల సలహాదారును దానిపై సంతకము చేయుదురు. డిసెంబరు మాసమున ఫలితము వెలువడును. అనుకూలమైనచో తక్కిన దరఖాస్తులన్నిటిని ఉపసంహరించుకొనవలసినదే. ఇది ధనికుల స్వంత కళాశాలలలోనే గాక, వర్జీనియా విశ్వవిద్యాలయము వంటి ప్రభుత్వ విద్యాపీఠములయందును కలదు.

ముందు చేరువారి పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. వానిని దాచుట న్యాయము కాదు. ఎవరీ, ఫెయిర్‌బ్యాంక్సు, జెక్‌హౌసరు అనువారు 2003లో ప్రచురించిన గ్రంథమున, అచ్చటి ప్రవేశములయందు ముందుగా దరఖాస్తు చేయుటవలన కలుగు లాభము 1600 మార్కుల పరీక్షలో సుమారు 100 మార్కులు అధికముగా వచ్చిన దానితో సమానమని తేల్చిరి. కావున ముందు పోయినవానికి ద్వారము కొంత విశాలముగా తెరువబడుననుట అసత్యము కాదు. మన సీమయందును ముందు చేర్చిన తండ్రి మూఢుడని మేమనము. సీటు నిశ్చయమైనదను నెమ్మదితో బిడ్డ పరీక్షలు వ్రాయును. ఆడపిల్ల వసతిగృహమును ముందే కన్నులార చూచి తల్లి ధైర్యము తెచ్చుకొనును. వర్షము నమ్మరాని సీమలో చేతనున్న పైకము వేసవివరకు నిలుచునో నిలువదో ఎవరెరుగుదురు? ఉన్నప్పుడే చదువునకు కట్టినచో అది పెండ్లికో, బోరుబావికో కరగిపోదను ఆలోచన తెలివితక్కువది కాదు.

ఐనను ఈ బేరమున ఎవరెవరికి ఏమి తెలిసియున్నదో విచారింపవలసియున్నది. అమ్మువానికి తన సీట్ల సంఖ్య, తన వ్యయము, గతవత్సరము ఎవరెవరు ఎట్టి మార్కులతో చేరిరో అన్నియు తెలియును. కొనువానికి తన బిడ్డ మార్కులే తెలియవు. ఇట్టి స్థితియందు తొందరపెట్టువాడు లాభమును, తొందరపడువాడు నష్టమును పొందుట సహజము. బేరమున కొనువానికున్న బలమంతయు "మరియొక అంగడి కలదు" అనుటలోనే యున్నది. ముందు మాట ఇచ్చిన దినముననే ఆ బలము పోవుచున్నది. వర్జీనియా విశ్వవిద్యాలయమువారు ఈ పద్ధతి పేద కుటుంబములవారికి అడ్డుగా నున్నదని 2006లో దానిని విడిచిపెట్టుదుమని ప్రకటించిరి. రుసుములలో సహాయమెంత దొరకునో నాలుగు చోట్ల పోల్చి చూచుకొనవలసిన బీదవాడు ఒక్కచోటనే కట్టుబడజాలడు గదా! ఆ విద్యాపీఠమే 2019లో మరల ఈ పద్ధతిని తెచ్చుకొన్నది. ముందు మాట పుచ్చుకొనుటవలన సంస్థకు కలుగు సౌకర్యమెంత గొప్పదో దీనివలననే గ్రహింపవచ్చును.

ఇక మన రైతునకు తెలిసిన దృష్టాంతమునే తీసికొందము. అనంతపురము సీమయందు సంవత్సరమునకు పడు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. మెట్టనేలలో వేరుసెనగ వేయువాడు తొలకరి చినుకును చూచి గొర్రు కట్టడు. నేల పదునెక్కినదా లేదా అని మట్టిని పిడికిట పట్టి చూచును. పదును లేకుండ వేసిన విత్తనము మొలక మాడిపోవును. ఆగస్టు మాసము దాటనిచ్చినవాని పంట తగ్గును. తెలివిగల రైతు ఉన్న విత్తనమంతయు ఒక్క వానకు అప్పగింపడు. ఆలస్యమువలన అమృతమును విషమగునని పెద్దలనిరి. నిదానమే ప్రధానమనియు పెద్దలే యనిరి. రెండును సత్యములే. పదును చూచుట నేర్చినవానికి ఈ రెండు మాటలకు విరోధము లేదు. చదువు విషయమున పదునెక్కడ నున్నదో చూచుటయే మనము నేర్వవలసినది.

మన బిడ్డలకు ప్రభుత్వ విద్యాపీఠములయందు ఏమి కలదో మొదట లెక్కింతము. అనంతపురమున ప్రభుత్వ కళాశాల 1916లో దత్తమండలముల కళాశాలగా వెలసినది. పిమ్మట భారతరాష్ట్రపతియైన నీలం సంజీవరెడ్డిగారు అచ్చట చదువుచు, ఆ చదువును విడిచి స్వరాజ్యోద్యమమున ప్రవేశించిరి. ఇంజనీరింగు కళాశాల 1946లో మద్రాసు గిండీయందు ఆరంభింపబడి, 1948లో అనంతపురమునకు తరలివచ్చినది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున భాగమై, 2008లో అనంతపురము పేరిటనే ప్రత్యేక విశ్వవిద్యాలయమునకు కేంద్రమైనది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో ఏర్పడినది. రాష్ట్ర విభజన చట్టమునందలి వాగ్దానము ననుసరించి కేంద్రీయ విశ్వవిద్యాలయము 2018లో ఈ సీమయందే బోధన ప్రారంభించినది. ఒక్క కరువుసీమకు ఇన్ని సరస్వతీమందిరములు అమరుట సామాన్యమైన భాగ్యము కాదు.

వీనియందలి సాంకేతిక విద్యకు మార్గము రాష్ట్రప్రవేశపరీక్ష. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి సీట్లలో నూటికి 85 స్థానికులకు ప్రత్యేకింపబడినవి. పూర్వపు అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఒక స్థానికప్రాంతము. అనగా గుంటూరు, విశాఖ ప్రాంతముల విద్యార్థులతో మన బిడ్డ ఈ 85 సీట్లకై పోటీపడవలసిన పనిలేదు. కన్వీనరు కోటా ద్వారా చేరిన అర్హులకే బోధనా రుసుమును ప్రభుత్వము భరించు పథకము వర్తించుచున్నది. కావున డిసెంబరు మాసమున బయానా ఇచ్చు తండ్రి ఏమియు లేనివాడై కొనుచున్నాడని తలపరాదు. ఆతని చేతిలో ముందే ఒక హక్కు గలదు. దాని విలువను తూచకయే మరియొకదానిని కొనుచున్నాడు. మంచి సీట్లు కొన్నియే యనియు, కోరినవారికెల్ల దొరకవనియు మేమెరుగుదుము. కాని దొరకునో లేదో తెలియకముందే వదలుకొనుట వేరు, తెలిసిన పిమ్మట మరియొక దారి చూచుకొనుట వేరు.

మరియొక విశేషమును పాఠకులు గమనింపవలెను. ప్రభుత్వ కౌన్సెలింగునందు విద్యార్థిని ఎవరును ముందుగా మాట అడుగరు. కోరికల వరుస మాత్రమే అడుగుదురు. ఉన్నత సాంకేతిక విద్యాలయములకు 2015 నుండి జరుగుచున్న ఉమ్మడి సీట్ల కేటాయింపునందు, తొలి స్థానమున దుర్లభమైన విద్యాలయమును వ్రాసినందున దిగువ వ్రాసినదానికి హాని కలుగదు. ర్యాంకును బట్టి పైనుండి ఒక్కొక్కటి చూచుచు, తగినది కేటాయింతురు. సీటు దొరికిన పిమ్మటను దానినే ఖాయము చేసికొనవచ్చును. లేదా దానిని చేతనుంచుకొనియే, మేలైనది వచ్చినచో మారుదునని తెలుపవచ్చును. కోరికను దాచుకొనవలసిన పనిలేదు, భయపడి తక్కువదానికి ఒప్పుకొనవలసిన పనిలేదు. బీదవానికిని ధనికునకును సమానముగా నడచు పద్ధతి ఇట్టిది. ముందు ఒడంబడికల పద్ధతియందో, నిజమైన కోరికను వెల్లడించువాడు బేరమునకు దొరకిపోవును. భయమే అచ్చట ధరను నిర్ణయించును. ఈ రెంటికిగల భేదమును తల్లిదండ్రులు మనస్సునకు తెచ్చుకొనవలెను.

ముందు మాట ఇచ్చుటవలని ఫలితమును మన సీమ ఒకపరి చవిచూచియే యున్నది. 1937వ సంవత్సరము నవంబరు 16వ తేదీన మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసికొనిరి. ఆంధ్రరాష్ట్రమునకై రాయలసీమ కలిసి నడచునట్లును, అందులకు ప్రతిగా వాల్తేరునందొకటి, అనంతపురమునందొకటి విశ్వవిద్యాలయకేంద్రములు వృద్ధిచేయబడునట్లును అందు నిర్ణయింపబడినది. రాయలసీమ తన మాటను చెల్లించినది. 1953లో రాష్ట్రము వచ్చినది. 1954లో విశ్వవిద్యాలయము తిరుపతియందు వెలసినది. అనంతపురమునకు దాని స్నాతకోత్తర కేంద్రము వచ్చునప్పటికి 1968 అయినది. అనగా మాటకును చేతకును నడుమ 31 సంవత్సరములు గడచినవి; స్వంత విశ్వవిద్యాలయమునకు 44 సంవత్సరములు. ఒడంబడిక చేసిన పెద్దలను మేము నిందించుట లేదు. వారి దేశభక్తికి మా నమస్కారములు. కాని గడువు వ్రాయని ఒడంబడికయందు బలహీనుడు వెంటనే చెల్లించును, బలవంతుడు తీరికగా చెల్లించును. ఈ పాఠము ఒక సీమకు ఎట్లు వర్తించినదో ఒక గృహమునకును అట్లే వర్తించును.

ఇంతకును మా సలహా యేమి? బయానా ఎన్నడును ఈయరాదని మేము చెప్పుట లేదు. నాలుగు విషయములు తేలిన పిమ్మట ఇచ్చుట దోషము కాదు. మొదటిది: ఆ విద్యాలయము, ఆ శాఖ, అన్ని ద్వారములు తెరచియున్నను బిడ్డ మొదట కోరుకొనునదేనా? తండ్రి భయమును బిడ్డ కోరికగా భ్రమపడరాదు. రెండవది: నాలుగు సంవత్సరముల బోధనా రుసుము, వసతి, భోజనము, ఇతర రుసుములు కలిపి మొత్తమెంత? మొదటి ఏటి తగ్గింపు రెండవ ఏట నిలుచునా? నిలుచుటకు ఎన్ని మార్కులు తెచ్చుకొనవలెను? ఇది కాగితముపై వ్రాసి ఇచ్చెదరా? మూడవది: వచ్చు రెండేండ్లు వాన పడకపోయినను భూమి తాకట్టు పెట్టక ఈ పైకము కట్టగలమా? నాలుగవది: పిమ్మట ప్రభుత్వ సీటు దొరకినచో ఇచ్చిన పైకము తిరిగివచ్చునా? ఈ నాలుగింటికి తృప్తికరమైన సమాధానము లభించినచో పదునెక్కిన నేలయే, విత్తవచ్చును. ఒక్కదానికి లభింపకున్నను జనవరి మాసపు జాతీయపరీక్షా ఫలితమువరకైనను ఆగుట మేలు. 2019 నుండి ఆ పరీక్ష సాధారణముగా జనవరియందును ఏప్రిలునందును రెండుమారులు జరుగుటవలన, బిడ్డ బలమెట్టిదో కొంతయైనను ముందుగా తెలిసికొను అవకాశము కలిగినది.

నాలుగవ విషయమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలనన నష్టపోవువారిలో పలువురు తమ హక్కును ఎరుగకయే నష్టపోవుచున్నారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2018 అక్టోబరులో ఒక ప్రకటన చేసినది. ప్రవేశములకు ప్రకటించిన తుది దినమునకు 15 దినములు గాని అంతకు పైబడి గాని ముందు విరమించుకొన్నవానికి రుసుము నూటికి నూరును, 15 దినములకు తక్కువ గడువున్నప్పుడు విరమించుకొన్నవానికి 90ని, తుది దినము దాటి 15 దినములలోపల 80ని, ఆ పైన 30 దినములవరకు 50ని తిరిగి ఈయవలెను. మూలపత్రములను పరిశీలించి తిరిగి ఇచ్చివేయవలెనే గాని తమయొద్ద ఉంచుకొనరాదనియు అందే కలదు. 2024-25వ విద్యాసంవత్సరమునకు సెప్టెంబరు 30వ తేదీవరకు విరమించుకొన్నవారికి పూర్తి రుసుము ఈయవలెనని ఆ సంఘమే తెలిపినది. కావున పైకము కట్టువాడు రసీదును పుచ్చుకొనవలెను. మూలపత్రములను వదలి రారాదు. "తిరిగి ఈయబడదు" అను కాగితముపై చదువక సంతకము చేయరాదు. హక్కున్నదని తెలియనివానికి చట్టము గోడమీది దీపమువంటిది. వెలుగు కలదు గాని చేతికి అందదు.

ఇంతవరకు తల్లిదండ్రులకు చెప్పితిమి. ఇప్పుడు ప్రభుత్వమువారికి చెప్పవలసిన మాట కలదు. రైతు తొందరపడుటకు మూలము ఆతని అవివేకము మాత్రమే కాదు. ప్రభుత్వద్వారము ఎప్పుడు తెరువబడునో తెలియకుండుటయే స్వంత విద్యాలయముల ముందు బేరమునకు ప్రాణము. 2021లో రాష్ట్రప్రవేశపరీక్ష ఆగస్టు మాసమున జరిగినది. 2022లో జూలై మాసమున జరిగినది. 2024లో మే మాసమున జరిగి, జూన్ 11న ఫలితములు వెలువడెను. మహమ్మారి దినముల ఆలస్యమును ఎవరును తప్పుపట్టరు. కాని పరీక్షకును, కౌన్సెలింగునకును, తరగతుల ప్రారంభమునకును నిశ్చితమైన తేదీలు లేనప్పుడు, తండ్రికి చేతనున్న నిశ్చయము ఎంత వెలకైనను చవకగానే తోచును. ఇక బోధనా రుసుముల పథకమునందు ఏండ్ల తరబడి పేరుకొనుచు వచ్చిన బకాయిలు ఆ భయమును ఇనుమడింపజేసినవి. ప్రభుత్వము తన మాట చెల్లింపనిచో, ఉచితమని చెప్పబడిన సీటునకును తండ్రి అప్పు చేయవలసి వచ్చును.

కావున మేము కోరునది మూడు పనులు. పరీక్ష, ఫలితము, కౌన్సెలింగు, తరగతుల తేదీలను ముందటి నవంబరు మాసముననే, అనగా వేరుసెనగ పైకము ఇంటికి వచ్చు వేళకే ప్రకటించి, వానికి కట్టుబడవలెను. గతవత్సరము ఏ కళాశాలయందు ఏ శాఖకు ఏ ర్యాంకువరకు సీటు దొరకినదో, నాలుగేండ్ల మొత్తము వ్యయమెంతయో తెలుగులో అచ్చొత్తించి ప్రతి ఉన్నతపాఠశాలయందును, జూనియరు కళాశాలయందును అంటింపవలెను. ఇప్పుడది కంప్యూటరు తెర తెరువగలవానికి మాత్రమే అందుచున్నది. మూడవది, రుసుము తిరిగి ఈయని సంస్థలపై వచ్చు ఫిర్యాదులను విచారించి తీర్చుటకు జిల్లా కేంద్రముననే ఒక అధికారి ఉండవలెను. మడకశిరనుండియో, గుంతకల్లునుండియో ఢిల్లీకి ఉత్తరము వ్రాయుమనుట న్యాయము చేయుట కాదు.

పట్టణవాసులకును, విద్యావంతులైన భూస్వాములకును మా విన్నపమొకటి కలదు. మీ ఇంటి బిడ్డ విషయమున మీరు ఎట్లైనను నిర్వహించుకొనగలరు, నష్టమైనను ఓర్చుకొనగలరు. మీ గ్రామమున మొదటిసారి ఒక బిడ్డను ఇంజనీరింగునకు పంపు గుత్తరైతు, నేతగాడు, మేకలకాపరి ఓర్చుకొనలేరు. వాకిటికి వచ్చినవాని మాటలకు ఎదురుగా వారికి మాట చెప్పువారు వేరెవ్వరును లేరు. ఈ చలికాలమున ఒక సాయంకాలము గ్రంథాలయమునందో, రచ్చకట్టయొద్దనో కూర్చుండి, ఆ ఒడంబడిక కాగితమును వారికి చదివి వినిపింపుడు. నాలుగేండ్ల లెక్క వేసి చూపుడు. ఆ పిమ్మట వారు ముందు చేరుదమన్నను, ఆగుదమన్నను, అది వారు తెలిసి చేసిన నిర్ణయమగును. మన సీమ వానకై ఎదురుచూచుట ఎరిగినది. ఎన్ని వేచియుండుటలు వ్యర్థమగునో కూడ ఎరిగినది. కాని పదును చూడక విత్తుమని ఏ తండ్రియు తన కుమారునకు నేర్పలేదు. చదువు విషయమునను ఆ నేర్పునే వాడుకొందుముగాక!